డీజిల్ తాగేది ఇంజన్, రేకు గాదు

మా మామ, అంటే నా భర్తకు తండ్రి, పోయిన నెల గద్వాల దవాఖానలో కన్నుమూశాడు. కబురు వచ్చేసరికి నేను గంజి వారుస్తున్నాను. "నాయన పోయిండు" అని నా భర్త ఫోనులో ఒక్క మాట అన్నాడు. తర్వాత, "మబ్బు పట్టింది, లారీ షెడ్డుల్నే ఉందా?" అని అడిగాడు. బతికుంటే మామ కూడా అదే అడిగేవాడు.

పోయినవాళ్లంతా మహానుభావులే అన్నట్టు రాయడం నాకు చేతకాదు. మా మామకు నోటి దురుసు. లోకంలో సగం మందిని చీదరించుకున్నాడు. మిగతా సగం మంది ఆయన కంటపడలేదు కాబట్టి బతికిపోయారు. నేనూ ఆయన్ని చాలా ఏళ్లు చీదరించుకున్నాను. ఈ ఇంట్లో మా ఇద్దరికీ కలిసిన గుణం అదొక్కటే.

పాన్‌గల్ నుంచి వనపర్తి వెళ్లే రోడ్డు మీద మీలో ఎవరైనా ఎర్ర ముఖం లారీని చూసి ఉంటే, కొత్త బండి అనుకుని ఉంటారు. అది నా పెళ్లికన్నా ముందుది. వడ్లు, పల్లికాయ, ఇటుకలు మోసి మోసి నడుము అరిగిన బండి. ముఖం మీద మాత్రం మొదటినాటి రంగే. మళ్లీ రంగు వేయించడమంటే ఆయన లెక్కలో ఓడిపోవడం.

లింగాల నుంచి నేను కోడలిగా వచ్చినప్పుడు ఈ ఇంట్లో స్నానాల గదికి కప్పు లేదు. లారీకి మాత్రం రేకుల షెడ్డు ఉంది. డిగ్రీ చదివిన పిల్లను తెచ్చి బండి కన్నా తక్కువ మర్యాదలో పెట్టారని కుమిలిపోయాను. మొదటి ఆదివారమే ఆయన లారీ కడగడం మొదలుపెట్టాడు. ఏదో మంచితనానికి పోయి నేనూ ఒక గుడ్డ అందుకుని, టైర్లు తుడిచిన బకెట్లోనే ముంచాను. ఆయన నా చేతిలోంచి గుడ్డ లాక్కున్నాడు.

"గిదేనా అమ్మా నీ సదువు? టైర్ల మట్టి దెచ్చి మొఖానికి రుద్దుతవా? నీ మొఖానికి గట్లనే రుద్దుకుంటవా?"

వారం రోజులు ఆయనకు అన్నం వడ్డించాను గానీ మాట్లాడలేదు. ఆయన దాన్ని గమనించనే లేదు.

ఆయన కడుగుడుకు ఒక పద్ధతి ఉండేది. ఎండలో ఎప్పుడూ కడగడు. టైర్లకొక బకెట్, ముఖానికి రెండు. సబ్బు పొడి రంగును తింటుందని షాంపూ ప్యాకెట్లు చింపి పోసేవాడు. ఇంట్లో ఆడవాళ్ల తలలకు మాత్రం కుంకుడుకాయలే. పైనుంచి కిందికి కడిగి, ఆఖరి నీళ్లు మాత్రం కాలువవే పోసేవాడు, ఎందుకంటే మా బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరకలు పడతాయి. అందుకోసం ఒక డ్రమ్ము నింపి షెడ్డులో మూత పెట్టి ఉంచేవాడు. అందులో చెంబు ముంచితే ఎవరి మీదైనా అరిచేవాడు. తారు మరకలకు పల్లినూనె. చివరికి పాల ప్యాకెట్ కవరు చేతికి తొడుక్కుని రేకు మీద మెల్లగా నిమిరేవాడు. కంటికి కనపడని ఇసుక రవ్వ కూడా ఆ కవరు కింద గరగరమంటుంది. "చేతికి తెల్వనిది కవరుకు తెలుస్తది" అనేవాడు. గరగర పోయేదాకా మైనం డబ్బా మూత తీయడు.

పాలిష్ అయ్యాక ఇంట్లో అద్దం జోలికి వెళ్లేవాడు కాదు. డ్రైవరు వైపు తలుపు ముందు నిలబడి, ఆ ఎర్ర రేకులో చూసుకుంటూ గడ్డం గీసుకునేవాడు. ఎక్కడన్నా కోసుకుంటే తప్పు బ్లేడుది కాదు, పాలిష్‌ది. మళ్లీ మొదటినుంచి రుద్దేవాడు.

మా దిక్కు లారీలకు మెరుపు కావాలంటే డీజిల్‌లో గుడ్డ ముంచి తుడుస్తారు. గంటసేపు పెళ్లికొడుకులా మెరుస్తుంది. తర్వాత దారిలో ఉన్న దుమ్మంతా దాని ముఖం మీదే. అలా తుడిచేవాళ్లంటే మామకు పరమ అసహ్యం. "డీజిల్ తాగేది ఇంజన్, రేకు గాదు. గా మాత్రం తెల్వనోనికి లైసెన్సు ఎవడిచ్చిండో" అని వాళ్లకు వినపడేటట్టే అనేవాడు.

కొన్నేళ్లకు ఆయన కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. "వనపర్తిల పంపు పెట్టి కడుగుతరు, ఆడ ఇద్దాం నాయనా" అన్నాడు నా భర్త. ఆయన కొడుకును పురుగును చూసినట్టు చూశాడు. ఆ ఆదివారమంతా షెడ్డు ముందు కుర్చీ వేసుకుని తిడుతూనే కూర్చున్నాడు. ఆ నోరు మూయించడానికే, ప్రేమతో కాదు, నేను కొంగు దోపి గుడ్డ పట్టాను. ఆయన కుర్చీలోంచి "పైకెల్లి... పైకెల్లి కిందికి రావాలె... జర మెల్లగ" అని అరవడం, నేను "తెలుసు మామా, నోరు మూసుకో" అనడం. అలా ఎన్ని ఆదివారాలు గడిచాయో నాకే తెలియదు.

మెచ్చుకోలు అనేది ఆ నోట రాదు. ఒకరోజు మాత్రం నేను రుద్దిన తలుపు ముందు నిలబడి, ఎడమ చేత్తో వంకర టింకరగా గడ్డం గీసుకున్నాడు. చెంపలు తడుముకుని, అరచెయ్యి చూసుకున్నాడు. "నెత్తురు రాలే" అన్నాడు. అంతే. నాకు డిగ్రీ పట్టా చేతికొచ్చిన రోజున కూడా అంత సంతోషం కలగలేదు.

ఇక దినాల రోజు సంగతి. బతికున్నప్పుడు 'లారీ పిచ్చోడు' అన్న నోళ్లన్నీ తెల్లబట్టలు కట్టుకుని దిగాయి. "ఎంత శుభ్రమైన మనిషో" అని ముక్కు చీదుకున్నాయి. అంతకు ముందు సాయంత్రం మా ఆడబిడ్డ భర్త, ఈ ఇంటి అల్లుడుగారు, మామ మీద గౌరవంతో ఒక ఘనకార్యం చేశాడు. లారీని షెడ్డులోంచి వాకిట్లోకి తీసి, డీజిల్ గుడ్డతో ముఖమంతా తుడిచిపెట్టాడు. పొద్దున లేచి చూస్తే ఎర్ర రేకు మీద మందంగా దుమ్ము. వచ్చిన పిల్లాజెల్లా దానిమీద వేళ్లతో పేర్లు రాయడం మొదలుపెట్టారు. ఆ దుమ్ము వేలి కింద ఇసుక కాగితంలా గీస్తుంది. మధ్యాహ్నం దాకా అలాగే వదిలేస్తే ఆయన ఇన్నేళ్లు కాపాడిన రంగు ఒక్కరోజులో పోతుంది.

బండిని షెడ్డులోకి తీయించి, కొంగు దోపి, మూడు బకెట్లు పెట్టాను.

"సావింట్ల కోడలు లారీ కడుగుతదా? ఏం కాలమొచ్చెరా!" అంది మా చిన్నత్త.

మా అత్త అరుగు మీదినుంచి కదలకుండానే అంది: "కడగనియ్యి. గా డీజిల్ కంపుకు ఆయన లేసొచ్చినా వస్తడు."

షాంపూతో మూడుసార్లు కడిగితే గానీ జిడ్డు వదల్లేదు. ఆఖరికి డ్రమ్ము మూత తీశాను. దవాఖానకు పోయే ముందు ఆయన నింపించిన కాలువ నీళ్లు అడుగున కొద్దిగా మిగిలి ఉన్నాయి. చెంబు ముంచేటప్పుడు వెనక నుంచి అరుపు వస్తుందని ఒక్క క్షణం ఆగాను. రాలేదు. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పోశాను, తుడిచాను, పాల కవరు తొడుక్కుని నిమిరాను, మైనం రుద్దాను.

పని అయ్యేసరికి అల్లుడుగారు నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, "చూసిన్రా మెరుపు? నిన్న నేను డీజిల్ కొట్టిన" అన్నాడు. అందరూ ఆయన్నే మెచ్చుకున్నారు. ఆ తెలివికి నమస్కారం పెట్టి ఊరుకున్నాను.

గుండు చేయడానికి వచ్చిన పెద్దమనిషి నా భర్తను వేపచెట్టు కింద కూర్చోబెట్టి తల గొరిగాడు. మీసం దగ్గరికి వచ్చేసరికి నా భర్త లేచి నిలబడి, కత్తి ఇటివ్వమన్నాడు. నేరుగా వచ్చి డ్రైవరు వైపు తలుపు ముందు నిలబడ్డాడు. ఒక్కనాడూ ఆ లారీకి గుడ్డ ముట్టించని మనిషి, ఆ రేకులో చూసుకుంటూ మెల్లగా మీసం తీసుకున్నాడు. పెదవి పైన తడుముకుని అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత ఆ అరచెయ్యిని నావైపు తిప్పి చూపించాడు. నేను తల ఊపాను. నా చేతికి పాల కవరు ఇంకా అలాగే ఉంది.