అమెరికా బజారులో పెద్దమ్మ

సినిమా సెట్లకు వీధులు గీసేవాడు రోడ్డు మధ్యలో ఏమీ గీయడు. అక్కడ హీరో నిలబడతాడు. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు: "నడిమిట్ల ఖాళీ ఉంచురా. నువ్వు గీసిన బొమ్మ హీరో కన్నా మంచిగ నటిస్తే మన పని పోతది."

అందుకే జూబ్లీహిల్స్‌లో ఒక పెద్దమనిషి తన హాలుకు ఆయిల్ పెయింటింగ్ కావాలన్నప్పుడు కూడా మధ్యలో ఖాళీ వదిలేశాను. ఆయన కుర్రతనంలో చదువుకున్న చిన్న అమెరికా ఊరు, అందులో మెయిన్ స్ట్రీట్. ఒక పాత ఫొటో ఇచ్చి, నచ్చితేనే తీసుకుంటానన్నాడు. నేను అమెరికా చూడలేదు గానీ, నాలుగుసార్లు అట్టతో కట్టాను. ఎర్ర ఇటుకల మేడలు, చారల గుడ్డ పందిరి వేసిన కొట్లు, పసుపుపచ్చ బేకరీ, దాని ముందు నీలం ట్రక్కు. రంగులకు పిసినారితనం చూపలేదు. ఎండ మాత్రం మన మే నెలది పడింది.

బొమ్మను ఫొటో తీసి పంపితే వెంటనే ఫోన్ చేశాడు.

"బాగుంది బాబూ. మనుషులేరీ? కర్ఫ్యూ పెట్టినట్టుంది."

"హీరో ఇంకా రాలేదు సర్."

నవ్వలేదు. వారంలో మనుషుల్ని పెట్టి తెమ్మన్నాడు.

నాకు తెలిసిన మనుషులు నేనుండే కృష్ణానగర్ వాళ్లే. పక్క గదిలో ఉండే ఆమెను పెద్దమ్మా అంటాను. ఇరవై ఏళ్లుగా సినిమాల్లో గుంపులో నిలబడుతోంది. పెళ్లిళ్లలో అక్షింతలు వేసింది, శవయాత్రల్లో ఏడ్చింది. మొహం మాత్రం తెర మీద ఒక్కసారీ పడలేదు. అయితే హీరో భుజం అడ్డొస్తుంది, లేదంటే ఎడిటింగ్‌లో పోతుంది. చుట్టాలను సినిమాకు తీసుకెళ్లి, "గా పచ్చ కొంగు కనవడ్తుందా? గది నేనే" అని చూపిస్తుంది.

రోడ్డు నడిమధ్యన, పచ్చ చీరలో, చేతిలో టిఫిన్ డబ్బాతో ఆమెను గీశాను. వెనక ఇంకో ఐదుగురు మావాళ్లు. పెద్దమ్మ నా ముందు గంటసేపు కదలకుండా కూర్చుని ఒకటే అడిగింది:

"దీంట్ల గిట్ల కట్ చెయ్యరు గదరా?"

"చెయ్యరు పెద్దమ్మా."

"అందరు గట్లనే అంటరు."

బొమ్మను తీసుకెళ్లి ఆయన హాల్లో నిలబెట్టాను. దగ్గరికొచ్చి పచ్చ చీర వైపు వేలు చూపించాడు.

"మెయిన్ స్ట్రీట్‌లో చీరేంటి బాబూ?"

"వీసా దొరికినట్టుంది సర్."

"జోకులొద్దు. ఆ ఊళ్లో మన మొహం నాదొక్కటే. వీళ్లకి కోటూ టోపీ తొడిగి తెల్లవాళ్లని చేసెయ్. బ్యాక్‌గ్రౌండే కదా, ఎవరైతే ఏంటి?"

ఆయన అడిగింది అన్యాయమేమీ కాదు. అది ఆయన జ్ఞాపకం. ఆ చివరి మాట అనకపోతే చేసేసేవాణ్ణేమో.

"ఆవిడ బ్యాక్‌గ్రౌండ్ కాదు సర్. ట్రక్కు బ్యాక్‌గ్రౌండ్. కావాలంటే ట్రక్కు తీసేస్తాను."

"ఆవిణ్ణి తీస్తావా, లేదా?"

"తీయను."

సినిమాలో అయితే ఇక్కడ గాలి లేస్తుంది. అక్కడ ఏసీ ఉంది, అంతే.

"అయితే పట్టుకెళ్లు" అన్నాడు. పట్టుకెళ్లాను.

ఐదడుగుల బొమ్మ, రంగు పూర్తిగా ఆరలేదు. ఏ ఆటో అతనూ ఎక్కించుకోలేదు. పెద్దమ్మ మొహం రోడ్డు వైపు తిప్పి పట్టుకుని, కొండ మీద నుంచి కృష్ణానగర్ దాకా నడిచాను. కార్ల వాళ్లు చూశారు. హారన్లు కూడా కొట్టారు. అవి చప్పట్లని నేనేం అనుకోలేదు, అడ్డంగా నడుస్తున్నానంతే.

మా మెట్ల దగ్గర బొమ్మను ఆనించి ఆమెను పిలిచాను.

"కట్ చెయ్యలే పెద్దమ్మా."

కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరికొచ్చింది. ఏడుస్తుందేమోనని నేను కాస్త పక్కకు జరిగాను.

"ముక్కు గింత లావుందేందిరా? జర సన్నం చెయ్యి."

"చెయ్యను."

"సచ్చినోడా!"

రెండు రోజులుగా నాతో మాటల్లేవు. మెట్లెక్కే ప్రతివాళ్లనూ ఆపి బొమ్మ చూపిస్తోంది, ముక్కు దగ్గర చెయ్యి అడ్డం పెట్టి. ఎంతకాలం పెడుతుందో పెట్టనీ. ఆ ముక్కు అంతే ఉంటుంది.