ఏడో మడిలో గోంగూర

నాకప్పుడు తొమ్మిదేళ్ళు... శుక్రవారం పొద్దున్నే మేం కారు దిగీ దిగగానే రాజన్న బాబాయ్ గబగబా ఎదురొచ్చాడు. ఎప్పుడూ "ఏం బిడ్డా, మంచిగున్నవా?" అని పలకరించే మనిషి ఆ రోజు నావైపు చూడనైనా చూడలేదు.

"సార్, ఏడో మడిల పుంటికూర మొలిసింది," అన్నాడు నాన్నతో. వాళ్ళ వైపు గోంగూరని అలాగే అంటారు.

నాన్న ముఖం పాలిపోయింది. నేను అమ్మ వెనక్కి నక్కాను... ఎందుకో చెప్తాను.

ఖతర్‌లో వరల్డ్ కప్ కోసం స్టేడియాలు కడుతున్న రోజులవి. మేం ఉండేది దోహా శివార్లలో, మెసైమీర్‌లో. నాన్న ఉద్యోగం మాత్రం బిర్కత్ అల్ అవామిర్ దాటాక, ఎడారిలో ఒక తోటలో... సూపర్‌వైజర్. ఆ తోటలో కూరలూ పళ్ళూ ఏమీ ఉండవు. ఉత్త గడ్డి! ఆటగాళ్ళు పరిగెత్తే గడ్డి. మేం తాగడానికి సీసాల్లో నీళ్ళు కొనుక్కుంటుంటే దానికి మాత్రం పూటపూటకీ స్నానాలు. ఒక్క కలుపు మొక్క కనిపించినా ఆ మడిని పక్కన పెట్టేస్తారు.

రాజన్న బాబాయ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. పసుపు పండించిన రైతు. ఇక్కడికొచ్చి రెండేళ్ళు లుసైల్ స్టేడియం సైట్‌లో, ఆ ఎండలో ఇనుము మోశాడు. నాన్నే ఎవరెవరినో బతిమాలి తోటలోకి తెప్పించాడు. ఏడో మడి ఆయన పెంచిందే. అది పాసైతే ఫోర్‌మన్‌ని చేస్తామని కంపెనీ మాటిచ్చింది. ఫెయిలైతే మళ్ళీ సైటే.

శుక్రవారం సెలవైనా తనిఖీ ఆ రోజే... పది గంటలకి.

ఇక నా ఘనకార్యం. ప్రతి శుక్రవారం మేం తోటకెళ్ళేవాళ్ళం. ఒక క్యాబిన్‌లో అమ్మ క్రైస్తవ ప్రార్థన నడిపించేది. అదవగానే తోట పనివాళ్ళ క్యాంప్‌లోవాళ్ళంతా, ఏ దేవుడికి మొక్కేవాళ్ళైనా సరే, భోజనాలకి చేరేవాళ్ళు. నీళ్ళ ట్యాంకు వెనకాల బాబాయ్ దొంగచాటుగా గోంగూర వేశాడు. తోటలో వేరే మొక్క వేయకూడదని కంపెనీ రూలు. రూలు అందరికీ తెలుసు... పచ్చడీ అందరూ తినేవాళ్ళు.

ఆ ముందు శుక్రవారం పచ్చడి నా దాకా రాకుండానే అయిపోయింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఏడో మడి చూస్తే మెత్తటి ఇసుక, సన్నగా అప్పుడప్పుడే అల్లుకుంటున్న గడ్డి, రోజూ నీళ్ళు... ఇంత చోటు పెట్టుకుని ట్యాంకు వెనక దాక్కుని పండించుకోవడమేంటి అనిపించింది! బాబాయ్ ఎండబెట్టిన కాయల్లోంచి గుప్పెడు గింజలు తీశాను. ఆయన నేర్పించినట్టే, అడుగు ముందు అడుగు ఆనించి, అడుగుకి రెండేసి గింజలు వేలితో గుచ్చాను. వచ్చే వారానికి అందరినీ ఆశ్చర్యపరుద్దామని.

ఆశ్చర్యపరిచాను...

"యల్లా, యల్లా!" అని నాన్న అందరినీ లేపాడు. సెలవు రోజు, నిద్ర కళ్ళతో ఇరవై మంది మడిలో మోకాళ్ళ మీద కూర్చున్నారు. ప్రార్థనకని కట్టుకున్న మంచి చీరతోనే అమ్మ కూడా తడి ఇసుకలో దిగింది. లాగితే గడ్డి వేరు కూడా లేచొస్తోంది. "రెండు వేళ్ళతోని గడ్డి అదిమి పట్టున్రి, నిమ్మళంగ గుంజున్రి," అని బాబాయ్ అందరి దగ్గరకీ తిరిగి చూపించాడు.

అప్పుడే ఆయన ఒక చోట ఆగాడు. మొలకకీ మొలకకీ మధ్య జాన పెట్టి కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. తలెత్తి నా చెప్పుల వైపు చూశాడు.

ఎవరికీ ఆ వరస కనబడకముందే గబగబా తనే పీకేశాడు.

పది గంటలకి మడులు తనిఖీ చేసే తెల్లాయన వచ్చాడు. ఆస్ట్రేలియాలో గోధుమలు పండే ఏదో పల్లెటూళ్ళో రైతు కొడుకు. వాళ్ళ ఊళ్ళో ఒకరు మంచాన పడితే వాళ్ళ కోత ఊరంతా వచ్చి కోసి పెడతారని నాన్నతో చెప్పేవాడు. మంచివాడే. కానీ కళ్ళు డేగ కళ్ళు. మడంతా వంగి వంగి చూశాడు. చివరికి నవ్వి, మడి పాసన్నాడు.

నాన్న చేతులెత్తి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. అంతలో తెల్లాయన వెంట వచ్చిన కంపెనీ మేనేజర్, గట్టు పక్కన పారేసిన మొలకల కుప్పని బూటుతో కదిపాడు.

"ఇదేంటి? ఎవరు వేశారు?"

అమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డాను. నేనే అని చెప్పాలి... రెండక్షరాలు. గొంతులోకి వచ్చింది, నోట్లోకి రాలేదు. బాధ్యత తనదని నాన్న ఒకడుగు ముందుకేశాడు.

"సార్... మై సీడ్. మై మిస్టేక్," అన్నాడు బాబాయ్, నాన్నకి అడ్డం వచ్చి.

తెల్లాయన ఏదో సర్దిచెప్పబోయాడు. మేనేజర్ వినలేదు. మడి పాసైంది... మనిషి ఫెయిలయ్యాడు. రెండు రోజుల్లో లుసైల్ బస్సెక్కమన్నారు.

మేం ఇంటికి బయల్దేరుతుంటే బాబాయ్ కారు దగ్గరకొచ్చి, అద్దంలోంచి చెయ్యి పెట్టి నా తల నిమిరాడు. "ఏడువకు బిడ్డా. నీ సాలు మస్తు సీదా వడ్డది. ఒక్క గింజ వంకర పోలే," అన్నాడు నాకొక్కదానికే వినబడేలా.

ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఇంటికెళ్ళిపోయాడని తర్వాతెప్పుడో విన్నాం.

వరల్డ్ కప్ జరిగినన్నాళ్ళూ మా ఇంట్లో అందరూ బంతిని చూస్తుంటే నేను గడ్డిని చూస్తూ కూర్చున్నాను. ఇప్పుడు దోహాలో ఏ సూపర్‌మార్కెట్‌కి వెళ్ళినా గోంగూర కట్టలు వరసగా పేర్చి ఉంటాయి. దొంగచాటుగా పండించుకోవాల్సిన పని లేదు, ఇరవై మంది ఒక్క గిన్నె చుట్టూ చేరాల్సిన పనీ లేదు. నేనెప్పుడూ కొనలేదు.

మీకూ చిన్నప్పుడు గొంతులోనే ఆగిపోయిన మాట ఏదైనా ఉంటే కింద రాసేయండి... నేను నాది రాస్తున్నాను. మా అమ్మానాన్నలు కూడా ఇక్కడే చదువుతారు, చదవనీ.

రాజన్న బాబాయ్... ఆ గింజలు వేసింది నేనే.