కొత్త బీడీ

ఆళ్లగడ్డలో నాకొక లారీ డ్రైవరు స్నేహితుడు ఉండేవాడు. రోజుకు నూరు బీడీలు కాల్చేవాడు. హెచ్ఐవీ మాత్రలు మాత్రం గడియారం చూసుకుని మింగేవాడు. మింగిన వెంటనే, అదీ మందులో భాగమైనట్టు, బీడీ ముట్టించేవాడు. అంతటి తెలివి!

నంద్యాల ఆసుపత్రిలో నర్సమ్మ నా ఎదుటే చెప్పింది: "మాత్రలతో ఆ రోగం అణిగుంటాదన్నా. దానికి పొగ తోడైతే క్యాన్సరు అందరికన్నా నీకే తొందరగా వస్తాది. మానెయ్."

"అంత పెద్ద రోగమే నన్నేం పీకలేకపోయ. ఇంత బీడీ ఏం పీకుతాదక్కా?" అని మీసం దువ్వాడు.

రెండేళ్లకు గొంతులో గడ్డ లేచింది. క్యాన్సరన్నారు. పోయాడు. వట్టి మూర్ఖుడని ఊరంతా చెప్పుకు తిరిగాను.

నూరు అన్నది నా కోత. పదికి మించవు, అందులో సగం నేనిచ్చినవే. ఒకే బీడీని ఇద్దరు పంచుకోవడం మొదట్లో మా అలవాటు. రోగం సంగతి తెలిశాక, అతని ఎంగిలి తగులుతుందని జడిసి, చెయ్యి చాచినప్పుడల్లా కొత్తది ఇచ్చేవాణ్ణి. ఎంగిలితో ఆ రోగం అంటుకోదని నర్సమ్మ ఆరోజే నాకూ చెప్పింది. నేనూ వినలేదు.

కొత్త బీడీ అందుకున్న ప్రతిసారీ అతను, "ఎంత పెద్ద మనసప్పా నీది!" అనేవాడు.