బాపుకు పడ్డ గోలి

మా ఇంట్లో గోలీకి డాక్టర్ చీటీ అక్కర్లేదు, ఒక సాక్షి ఉంటే చాలు. పత్తికి మందు కొట్టి నడుము పట్టేసిన బాపుకు నొప్పుల గోలి పడింది. కాబట్టి అవ్వ మోకాళ్లకూ అదే పడుతుందని తీర్మానమైంది. కొడుక్కు పడ్డది కన్నతల్లికి పడదా అని అమ్మ వాదన. చౌటుప్పల్ మందుల కంపెనీలో పనిచేస్తాను కదా అని నన్నూ అడిగారు. నేనక్కడ డబ్బాలకు టేపు వేస్తాను. ఆ చదువుతోనే, ఏదన్నా తిన్నాక మింగమని చెప్పాను.

అవ్వ సరేనంది, శనివారం తప్ప. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. చాయ్, గోలి తిండి కిందికి రావని, అందుకే దేవుడికి అభ్యంతరం లేదని ఆమె లెక్క.

వర్షాలు మొదలయ్యేసరికి అవ్వ కళ్లు తిరిగి గడప మీద కూలబడింది. ముఖం పాలిపోయింది. దొడ్డికి తారులా నల్లగా పోతోందని అమ్మ చెవిలో చెప్పింది. ఇంట్లో విచారణ మొదలైంది. బాపు కొత్త బోరు నీళ్లను అనుమానించాడు. అమ్మ పెళ్లిభోజనంలోని వంకాయను అనుమానించింది. పక్కింటామె దిష్టి అని మిరపకాయలు కాల్చింది, అందరం దగ్గాము. నేను గోలీ పేరెత్తితే బాపును చూపించారు. నిందితుడి తరఫు సాక్షి నిక్షేపంగా నిలబడి బీడీ తాగుతున్నాడు.

నల్లగొండ దవాఖానలో డాక్టరమ్మ నొప్పులకేమన్నా మింగుతున్నావా అని అడిగితే, అవ్వ లేదంది. డాక్టర్ రాయనిది ఆమె దృష్టిలో మందే కాదు. నేను బాపు జేబులోంచి గోలీల పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. డాక్టరమ్మ దాన్ని చూసి, అవ్వ గుండెకు రోజూ మింగే గోలి సంగతి, పాత రోగాల సంగతి, శనివారం ఒక్కపొద్దు సంగతి ఒక్కొక్కటే తవ్వింది. లోపల రక్తం కారుతోందని, ఆలస్యమైతే మనిషి దక్కేది కాదని చెప్పింది.

బాపుకు నమ్మకం కుదరలేదు. "నేను గూడ గదే మింగుతున్న మేడం. నాకేం కాలే."

"నీకు మునుపు కడుపుల పుండయిందా? రక్తం పలుచబడే గోలి మింగుతున్నవా? ఆమెకు రెండూ ఉన్నయి. పైకెల్లి ముసలి పానం, ఉత్త కడుపు. గోలి ఒక్కటే గని, మింగిన మనుషులు ఒక్కటి కాదు."

రక్తం ఎక్కించారు. అవ్వ బతికింది. ఆ గోలి ఇక ముట్టొద్దని, వేరేది రాసిచ్చారు. చేదు లేని ఆ కొత్త గోలీని అవ్వ అసలు మందుగా లెక్కపెట్టలేదు.

ఇంటికొచ్చాక ఒక శనివారం పొద్దున అవ్వ వాకిట్లో చకచకా నడుస్తోంది. నాకు అనుమానమొచ్చింది. బాపు చొక్కా జేబు చూశాను, పట్టీ కదల్లేదు. దిండు కింద చూశాను, ఏమీ లేదు. ఆఖరికి ఆమెనే అడిగాను, మోకాళ్లు నొస్తలేవా అని.

"నొస్తున్నయి బిడ్డా," అంది గోడ పట్టుకుని. "కూసుంటె నువ్వు మళ్ల దవాఖానకు తోల్కపోతవని నడుస్తున్న."