ఆ గొట్టం కొలత నాది

ఒక మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఇన్నేళ్లుగా నా గుండె మీద కూర్చున్నదాని కొలత అది. అంత చిన్నది అంత బరువుంటుందా అని మీరు అడగవచ్చు. ఉంటుంది. తూకం వేయడమే నా ఉద్యోగం. నాకు తెలుసు.

ముందే చెబుతున్నాను, మీ జాలి నాకు వద్దు. పాలకొల్లు దగ్గర ఒక రైసు మిల్లులో కాటా గుమస్తాను. పదో తరగతి తప్పాను. ఆ తర్వాత లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. చెరువు తవ్వితే ఎంత మట్టి వస్తుంది, శ్లాబుకు ఎంత ఇనుము పడుతుంది, కొబ్బరి దింపు అన్నదమ్ములకు ఎలా పంచాలి, అన్నీ నా దగ్గరకే వచ్చేవి. బళ్లో ఒక్క పాఠం చెప్పకపోయినా చుట్టుపక్కల వాళ్లంతా నన్ను మేష్టారనే పిలిచారు. ఆ పిలుపంటే నాకు ప్రాణం, నేను చేసిన తప్పు మొదలు అక్కడే ఉంది.

మిల్లుకు ఎదురుగా దావీదు అనే మెకానిక్కు మోటార్ సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉండేది. అది అతని అసలు పేరు కాదు, కానీ చదివితే తన గురించేనని అతనికి తెలుస్తుంది. నాకంటే చిన్నవాడు. ఆదివారం చర్చికి వెళ్లే చొక్కాకు కూడా గ్రీజు మరక ఉండేది. అతని దగ్గరకు సత్తిబాబు అనే చేపల వ్యాపారి వచ్చేవాడు. సత్తిబాబు తెల్లారేసరికి సముద్రపొడ్డుకు వెళ్లి, పడవల దగ్గరే సరుకు కొని, ఊళ్లు తిరిగి అమ్ముకునేవాడు. ఆ ఒడ్డున రోడ్డు లేదు. అలలు వచ్చి వెనక్కి వెళ్లే చోట తడి ఇసుక గట్టిగా ఉంటుంది, బళ్లన్నీ దాని మీదే నడుస్తాయి. వెనక ఐసు పెట్టె, ముందు హ్యాండిల్‌కు రెండు వైపులా రొయ్యల టబ్బులు. అంత బరువుకు అతని బండి ముందు చక్రాన్ని పట్టుకుని ఉండే ఫోర్కు వంగిపోయింది. సరిచేయిస్తే మళ్లీ వంగింది.

పాత సామాన్ల కొట్లో పెద్ద బండి ఫోర్కు ఒకటి దొరికింది. దాన్ని బిగిద్దామన్నాడు దావీదు. లెక్క నన్ను చూడమన్నాడు.

కంపెనీ ఇచ్చినదాన్ని మార్చడమే తప్పని అనేవాళ్లు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. ఆ బండిని తయారుచేసినవాళ్లు రొయ్యల టబ్బులు వేలాడదీసుకుని అలల అంచున నడపలేదు. ఫోర్కు పొడవు, వాలు, హ్యాండిల్ తిరిగే జాగా అన్నీ చూశాను. అవన్నీ సరిగ్గా వచ్చాయి. ఆ ఫోర్కు ఈనాటికీ వంగలేదు. ఇప్పుడది ఇంకెవరి బండికో ఉంది. దాని గురించి నేను ఎవరికీ తల వంచను.

తప్పు చక్రంలో జరిగింది.

పెద్ద ఫోర్కు ఇరుసు లావు. సత్తిబాబేమో తన పాత చక్రమే కావాలన్నాడు. అందుకని పాత ఇరుసే ఉంచి, ఫోర్కు కాళ్లలో మిగిలే ఖాళీకి లేతు మిషను మీద బుష్‌లు చేయించాం. చక్రం నడిమధ్య ఉండే హబ్బు విప్పితే లోపలి గొట్టం తుప్పు పట్టి ఉంది. రెండు బేరింగుల మధ్య పైకి కనపడకుండా ఉండే ఇనుప గొట్టం అది. ఇరుసు నట్టు బిగించినప్పుడు ఆ బిగువునంతా అదే కాయాలి. అది పొట్టిదైతే బిగువు బేరింగుల మీద పడి, వాటిని నలిపేస్తుంది. నట్టు ఎంత బాగా బిగిస్తే బేరింగులు అంత త్వరగా పోతాయి.

కొత్త గొట్టం చేయించడానికి పాతదాన్ని కొలిచాను. మూడుసార్లు కొలిచాను. మూడుసార్లూ ఒకటే వచ్చింది. ఎంత గర్వపడ్డానో! ఉప్పునీళ్లు ఆ గొట్టాన్ని రెండు చివర్లా తినేశాయని నాకు తట్టలేదు. సముద్రపొడ్డున బతికే బండి అని తెలుసు. చేతికి తుప్పు పొడి అంటుకుంటూనే ఉంది. అయినా హబ్బును కొలవలేదు, తినేయగా మిగిలినదాన్నే కొలిచాను. కొలత తప్పు కాదు, కొలిచిన వస్తువే తప్పు అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. ఎంత చక్కని మాట! దానితో ఎవరి మోకాలు అతుక్కుంటుంది?

దావీదు చక్రం తిప్పి చూసి, కొంచెం బరువుగా ఉందన్నాడు. కొత్త బేరింగులు, సర్దుకుంటాయని నేనే అన్నాను. సత్తిబాబు బండెక్కుతూ, "మేష్టారి లెక్క పెట్టిన బండండీ, ఇక దీని ముందు చేపలు కూడా వరసలో నిలబడాల" అని నవ్వించాడు.

కొద్దిరోజులకే కాలవ వంతెన మలుపులో ముందు చక్రం తిరగకుండా పట్టేసింది. సత్తిబాబు పడ్డాడు. మోకాలు నుజ్జయింది. దావీదు అతన్ని ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాడు. బండిని రిక్షాలో వేయించుకుని షెడ్డుకు తెచ్చింది నేను. చక్రం విప్పింది కూడా నేనే. బేరింగు ముక్కలైంది. అప్పుడు కొలిచాను హబ్బును. గొట్టం పొట్టిది. దాన్ని జేబులో వేసుకుని వెళ్లి కాలవలో పడేసి వచ్చాను. ఆ నడకలో నా చేతులు వణకలేదు. అది కూడా చెప్పాలి కదా.

మధ్యాహ్నం దావీదు వచ్చాడు. చొక్కా మీద సత్తిబాబు నెత్తురు.

"హబ్బు ఇప్పారా మేష్టారూ? ఏంటండీ, ఏం కనపడింది?"

"బేరింగు ముక్కలైపోయింది."

"కొత్తయి కదండీ! అలాగెలా పోతాయండీ?"

"నట్టు వదులైతే పోతాయి."

"వదులా? స్పానరుకు పైపు తొడిగి మరీ బిగించానండీ. మీరు పక్కనే ఉన్నారు కదా."

"ఉన్నాను. సరిపోయిందనుకున్నావు. సరిపోలేదు."

"మరి ఆ గొట్టం..." అని ఆగాడు.

"నా గొట్టానికేం? మూడుసార్లు కొలిచాను. నువ్వెన్నిసార్లు బిగించావు?"

"ఒక్కసారేనండీ."

"మరి?"

అతను తన అరచేతులు చూసుకున్నాడు. "అయితే నాదేనంటారా మేష్టారూ?"

"నీదే," అన్నాను.

నమ్మాడు. తన చేతిని కాదని నన్ను నమ్మాడు. నేనెందుకలా అన్నాను? కేసు భయమా? సత్తిబాబు ఎవరి మీదా కేసు పెట్టే మనిషి కాదు. డబ్బు భయమూ కాదు. మేష్టారి లెక్క తప్పిందట అని ఒక్కరు అనుకోవడం నేను భరించలేకపోయాను. అంతే. ఇంతకంటే గొప్ప కారణం వెతికాను, దొరకలేదు.

ఆ తర్వాత దావీదు బిగించిన ప్రతి నట్టునూ మళ్లీ వచ్చి చూసుకునేవాడు. బండి తీసుకుని వెళ్లిపోతున్నవాళ్లను రోడ్డు మీద ఆపి మరీ చూసేవాడు. జనం మొదట నవ్వారు, తర్వాత రావడం మానేశారు. షెడ్డు మూతపడింది. ఇప్పుడతను ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు మోస్తున్నాడు. సత్తిబాబు వంగని కాలు చాపుకుని సంతలో కూర్చుంటున్నాడు. ఒడ్డుకు అతని భార్య వెళ్తోంది. ఇద్దరూ దావీదును ఒక్క మాట అనలేదు. అనకపోవడమే అతన్ని ఇంకా కుంగదీసింది.

మొన్న మా మిల్లు గేటు దగ్గర దావీదు సైకిలు గొలుసు ఊడింది. నేను కాటా గదిలోకి వెళ్తూ చూశాను. ఒక్క నిమిషం పని. అతను వంగి చూశాడు. చెయ్యి చాపి, వెనక్కి తీసుకున్నాడు. సైకిలును నడిపించుకుంటూ వెళ్లిపోయాడు.

అందుకే రాస్తున్నాను. చదువులేనివాడు లెక్కల జోలికి పోతే ఇంతే అని మీలో ఎవరైనా అంటే ఒప్పుకోను. చదువుకున్నవాడూ ఆ గొట్టాన్నే కొలిచి ఉండవచ్చు. పొరపాటు పడ్డది లెక్క. అబద్ధం చెప్పింది మాత్రం నేను. క్షమించమని అడగను. క్షమిస్తే ఏం చేసుకోవాలో కూడా నాకు తెలియదు. నన్ను ఇక మేష్టారని పిలవకపోతే పిలవకండి. ఊపిరి మాత్రం ఇవాళ లోపలిదాకా వెళ్తోంది.

దావీదూ, నీకు తెలియనిది ఒకటుంది. నువ్వు ఆసుపత్రికి వెళ్లాక ఆ నట్టు విప్పబోతే కదల్లేదు. స్పానరుకు పైపు తొడిగినా కదల్లేదు. గోడకు కాలు తన్నిపెట్టి, ఒంటి బరువంతా పైపు మీద వేస్తే గానీ రాలేదు. అంత గట్టిగా బిగించావు నువ్వు.