బట్టతలపై మూడో చుక్క

నీటి సరఫరా శాఖలో ముప్పై ఆరేళ్లు లీకులు పట్టిన ఫిట్టరుగారికి గోడ కనబడితే చాలు, వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చెవి ఆనించడం అలవాటు. అత్తవారింట అడుగుపెట్టిన తొలినాడే ఆ పని చేశాడని భార్య నేటికీ దెప్పుతుంది. ఆ గోడలో లీకు ఉన్న మాట కూడా నిజమే. రిటైరయ్యాక తొలి విహారయాత్రగా పురాతన భూగర్భ జలాశయం చూడబోతూ ఆమె మాట తీసుకుంది: "ఈ పూట గోడ ముట్టుకున్నారో, ఇక మీతో ఎక్కడికీ రాను."

యాభై మెట్లు దిగాక, నీటిలో బారులు తీరిన రాతిస్తంభాల నడుమ చెక్కబాటపై, ఆయన చేతులు వెనక్కి కట్టుకుని మిఠాయికొట్టు ముందు పిల్లాడిలా ఊగసాగాడు. పైకప్పు నుంచి ఒక చుక్క సరిగ్గా బట్టతలపై పడింది. ఆయన ఓసారి పైకప్పు కేసి చూసి తల దించుకున్నాడు. రెండోది పడితే పెదవి బిగించాడు. మూడో చుక్కకు భార్యే చరచరా వెళ్లి పక్క స్తంభాన్ని తట్టి, చెవి ఆనించింది.

"ఏమండీ, లోపల కారుతోంది!"

"ముట్టుకోకూడదన్నావుగా?"

"మాటిచ్చింది మీరు, నేను కాదు. సరే, రద్దు చేశాను, రండి!"

ఇద్దరూ చెరోవైపు చెవులానించి, పొట్టలు పట్టుకుని నవ్వారు. కాపలాదారు ఈల ఊదుతూ పరుగెత్తుకొచ్చాడు.

"ఉండు నాయనా, వినబడనీ!" అని కసిరింది ఆవిడే.