బొట్టు పెట్టిన సీడీ

మా ఆయన లారీ డ్రైవరు. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక లారీ అమ్మేశాము. దవాఖానలో వేళ్లు కదిలించమని ఇచ్చిన రబ్బరు బంతి మంచం కిందే పడి ఉండేది. ఆయన చేతిని కదిలించింది మా బిడ్డ వదిలివెళ్లిన పాత కంప్యూటరు. అందులో లారీ నడిపే ఆట ఉంది. సీడీ పెడితేనే అది మొదలవుతుంది. మలుపు వస్తే ఆయన కుడిచేతి వేళ్లు మీటల మీద వాటంతటవే బిగిసేవి. కొన్నాళ్లకు ఆ చేత్తోనే అన్నం కలుపుకోవడం మొదలుపెట్టాడు.

దసరాకు ఏటా లారీ స్టీరింగుకు పసుపు కుంకుమ పెట్టేవాడు. ఆ ఏడు నేను కుట్టుమిషనుకు పూజ చేసి తిరిగి చూస్తే, సీడీని ఒళ్లో పెట్టుకుని మెరిసే వైపు బొట్లు పెడుతున్నాడు.

“గిదేం పూజయ్యా?”

“నా బండికి నేను పెట్టుకోవద్దా? నీ మిషనుకైతే దండనే ఏసినవు.”

ఇద్దరం నవ్వుకున్నాము. మరునాడు ఎండిన పసుపును ఆయన గోటితో గీకి, తువ్వాలతో గట్టిగా రుద్దాడు. పసుపు మరక పోలేదు, సీడీ నిండా గీతలు మాత్రం పడ్డాయి. ఆట తెరుచుకోలేదు. కుడిచెయ్యి మళ్లీ ఒళ్లో పడింది. అన్నం ఎడమచేత్తో తింటూ నా వైపు చూసేవాడు కాదు. ఆట ఉన్నా పోయినా నాకొకటే. ఆ చెయ్యి మళ్లీ కంచంలోకి రావాలి, అంతే.

సీడీ పట్టుకుని హనుమకొండలో ఒక దుకాణానికి వెళ్లాను.

“పెద్దమ్మా, ఇది సీడీనా, పసుపుకొమ్మా?” అన్నాడు దుకాణదారు.

“నవ్వుడు తర్వాత, బిడ్డా. జర బాగైతదా చెప్పు.”

అతను నవ్వు ఆపాడు. గీతల మీద ఏదో ముద్ద రాసి మెత్తటి గుడ్డతో చాలాసేపు రుద్దాడు. “ఇది ఎక్కువ రోజులు రాదు. కంప్యూటరు ఒక్కసారి చదివితే, కొత్త సీడీకి ఎక్కిస్త” అన్నాడు. అది చదివేదాకా నేను బల్ల అంచు పట్టుకునే నిలబడ్డాను.

కొత్త సీడీ మీది వైపు తెల్లగా ఉంది. “ఏం రాయాలె దీని మీద?” అని పెన్ను తీశాడు.

“ఇటు తే, నేను రాస్త.”

తల నెరిశాక, సాయంత్రం బడిలో నేర్చుకున్న అక్షరాలు నావి. బడి పలక మీద తప్ప ఎక్కడా రాసి ఎరగను. ‘లారీ’ అని రాశాను. దీర్ఘం సీడీ అంచు దాకా పోయింది.

ఇంటికొచ్చి ఆయన చేతికిచ్చాను. ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు.

“కొత్త బండాయె. కుంకుమ తేవా?”

“మళ్లానా? ఈసారన్న రాత ఉన్న దిక్కు పెట్టు.”

భరిణ తెరిచి పట్టుకున్నాను. కుడిచెయ్యి ఒళ్లోంచి మెల్లగా లేచింది. వేలు వణికి, బొట్టు నేను రాసిన అక్షరం మీద అలుక్కుపోయింది. ఇద్దరం దాన్ని తుడవలేదు.

ఆ పూట అన్నం ఎడమచేత్తోనే తిన్నాడు. కంచం తీసి, కుర్చీని కంప్యూటరు ముందుకు జరిపాను.